కాగితం మీద ఒంటిగంట

మార్చి నెల రెండో ఆదివారమంటే నాకు అసహ్యం. ఈ మాట సంఘంలో నిలబడి కూడా అన్నాను. ఏడు దినాల్లో ప్రభువుకని ఒక్క దినం పెట్టుకుంటే, అమెరికా ప్రభుత్వం వచ్చి సరిగ్గా ఆ దినం తెల్లవారుజామునే గడియారాలు ముందుకు జరిపి మన ఇంట్లోంచి ఒక గంట ఎత్తుకుపోతుంది. సోమవారం ఎత్తుకుపోవచ్చు కదా? పోదు. సోమవారం ఆఫీసులది. నిద్ర చాలని కళ్ళతో దేవుని ముందు నిలబడితే ఫరవాలేదు, మేనేజర్ ముందు నిలబడకూడదు. నవంబరులో ఆ గంట తిరిగి తెచ్చి పడేస్తారు. దానికి మనం సంతోషించాలట.

నేను ఆష్‌బర్న్‌లో ఒక డేటా సెంటర్‌లో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్నాను. కిటికీలు లేని భవనం, లోపల వరసలు వరసలుగా యంత్రాలు. ఆ యంత్రాలు గడియారం మార్చుకోవు. ప్రపంచమంతటికీ ఒకటే లెక్క పెట్టుకుని, ఏ చట్టం వచ్చినా పోయినా తమ పని తాము చేసుకుపోతాయి. ఇనపపెట్టెలకున్న నిలకడ మనుషులకి లేకపోయిందే అని ఏటా రెండుసార్లు వాటి మధ్య నడుస్తూ అనుకునేవాణ్ణి. అలా అనుకోవడంలో కొంత గర్వం కూడా ఉండేది. నేను ఆ పెట్టెల పక్షాన ఉన్నట్టు.

మా తెలుగు సంఘానికి సొంత భవనం లేదు. ఒక అమెరికన్ చర్చి వాళ్ళు ఉదయం తమ ఆరాధన ముగించుకుని వెళ్ళాక, మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా హాలు మాకిస్తారు. ఒకటిన్నరకల్లా వెళ్ళి తలుపు తెరిచి కుర్చీలు సర్దడం నా పని. తాళంచెవి ఒక్కటే, అది నా దగ్గరే ఉంటుంది. వారం వారం ప్రకటనల కాగితం తెలుగులో రాసి ప్రింట్ తీయడం కూడా నా పనే.

ఆ కాగితం మీద ఆరాధన ఒంటిగంటకి అని ఉండేది.

రెండింటికి మొదలయ్యేదాన్ని ఒంటిగంట అని ఎందుకు రాశామో తెలుగువాళ్ళకి విడమరచి చెప్పనక్కర్లేదు. మొదట్లో రెండు అనే రాశాం. జనం మూడుకి వచ్చేవారు. అయిదుకి హాలు ఖాళీ చేయాలి గనక ప్రసంగం సగంలో ఆగిపోయేది. ముగ్గురు పెద్దలం కూర్చుని, ఒంటిగంట అని రాస్తే రెండుకి వస్తారని తీర్మానించాం. ఆ తీర్మానానికి ముందు ప్రార్థన కూడా చేశాం. ఆరు నెలలు పనిచేసింది. తర్వాత సంగతి అందరికీ తెలిసిపోయి నింపాదిగా రెండుంబావుకి, రెండున్నరకి రావడం మొదలుపెట్టారు. కాగితం మీద ఒంటిగంట మాత్రం అలాగే ఉండిపోయింది. కొత్తగా వచ్చినవాళ్ళు ఒక్కసారి తాళం వేసిన తలుపు చూసి, కారులో గంటసేపు కూర్చుని, నేర్చుకునేవారు. దాని మీద మా వాళ్ళకొక నవ్వు కూడా ఉండేది. "అయిందా బ్రదర్? ఇక మీరు మా సంఘం మనిషే" అనేవారు.

వందల కాగితాలు రాశాను. ఏ వారమూ అది నాకు అబద్ధమని తోచలేదు.

ఇది జరిగిన ఏడాది, గంట మారడానికి ముందు ఆదివారం, ఆరాధన అయ్యాక టీ తాగుతుంటే వాదన లేచింది. ఏడాదికోసారి లేచేదే. ఈ మార్చుకోవడం మానేసి ఏదో ఒక టైము శాశ్వతంగా ఉంచుతారని ప్రతి ఏడూ ఎవరో ఒకరు వార్త మోసుకొస్తారు. ఏది ఉంచాలన్న దగ్గర తగువు మొదలవుతుంది.

"ఈ ముందుకు జరిపిన సమ్మర్ టైమే ఉంచేయాలి అంకుల్" అన్నాడు కన్సల్టెంట్‌గా పనిచేసే ఒకబ్బాయి. "ఆఫీస్ నుంచి వచ్చాక వెలుతురుంటే నాలుగు ఓవర్లైనా వేసుకోవచ్చు."

"నీకు ఓవర్లు" అంది ఆసుపత్రిలో నర్సుగా చేసే సిస్టర్. "జనవరిలో ఎనిమిదయినా తెల్లవారదు అప్పుడు. నా కూతురు చీకట్లో స్కూల్ బస్ కోసం నిలబడాలి. నువ్వొచ్చి టార్చ్ పట్టుకుంటావా?"

"పట్టుకుంటా సిస్టర్. బాల్ పోయినా వెతుక్కోవచ్చు."

నేను కప్పు కింద పెట్టి, ప్రసంగం గొంతుతో, పన్నెండు గంటలకి సూర్యుడు నడినెత్తిన ఉండాలి, సృష్టిలో నాలుగో దినాన వెలుగుల్ని ఆకాశంలో ఉంచినవాడు పెట్టిన టైము అదే, చలికాలంలో ఉండే ఆ స్టాండర్డ్ టైమ్ ఒక్కటే శాశ్వతంగా ఉండాలి, మిగతాది మనుషుల అహంకారం అని చెప్పాను. ఆమెన్ అని ఒకరిద్దరు అన్నారు కూడా.

మా సంఘంలో అందరికన్నా పెద్దాయన, రిటైరైన డాక్టరు, నవ్వాడు. "ఈ దేశానికొచ్చి యాభై ఏళ్ళవుతోంది బ్రదర్. సూర్యుడు ఏ రోజైనా నా నడినెత్తికి వచ్చాడేమో అని చూస్తూనే ఉన్నాను. ఎండాకాలంలో కూడా పక్కనుంచే పోతాడు. మీ స్టాండర్డ్ టైమ్ ఆకాశంలోంచి ఊడిపడిందా? రైళ్ళవాళ్ళు వాళ్ళ వీలుకొద్దీ పెట్టుకున్నది."

అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. ఒళ్ళు మండినప్పుడు నేను ఒట్లు పెట్టుకుంటాను. అది నాలో ఎప్పటినుంచో ఉన్న దుర్గుణం. "వచ్చే ఆదివారం నా ఇంట్లో ఏ గడియారమూ మారదు" అన్నాను. "ఫోన్‌లో కూడా ఆటోమేటిక్ తీసేస్తాను. ప్రభువు దినాన ఆ దొంగ గంటని నా గడప తొక్కనివ్వను. సోమవారం మార్చుకుంటాను."

"మరి తలుపు ఏ టైముకి తీస్తారంకుల్?" అన్నాడు ఆ క్రికెట్ అబ్బాయి.

"కూడికలూ తీసివేతలూ నాకొచ్చులే."

గోడ వారగా కుర్చీలో కూర్చున్న ఒక పెద్దావిడ ఇదంతా వింటోంది. మా సంఘంలో ఒకమ్మాయి తల్లి. ఆరు నెలల విజిటర్ వీసా మీద వచ్చింది. కప్పు రెండు చేతుల్తో పట్టుకుని నన్ను అడిగింది. "గంట ముందుకు జరుపుతరా తమ్మీ? మరి ఆకలి గూడ జరుగుతదా?"

ఆవిడ అడగవలసిన ప్రశ్నే. ముప్పయ్యేళ్ళు ఆడపిల్లల హాస్టల్లో వంట చేసిన మనిషి. పొద్దున్న ఏడున్నరకి రెండువందల మంది పిల్లల కంచాల్లో అన్నం పడకపోతే వాళ్ళు బడికి ఆకలితో పోతారు. ఆ ఏడున్నర ఒక్కనాడు కూడా తప్పలేదని ఆవిడ చెప్పుకునేది. జీవితంలో ఆవిడ చెప్పుకున్న గొప్ప అదొక్కటే.

ఆవిడకి బాప్తిస్మం కావాలి. కూతురు చదువుకునే రోజుల్లో విశ్వాసంలోకి వచ్చింది, ఇంట్లో వాళ్ళు రెండేళ్ళు మాట్లాడలేదు, తల్లి కూడా. ఇప్పుడు తల్లి ఇక్కడికొచ్చి, కూతురి పక్కన కూర్చుని వాక్యం విని, తనంతట తాను అడిగింది. ఒక్కటే షరతు. నీళ్ళలో కూతురు తన చెయ్యి పట్టుకుని ఉండాలి. ఒకప్పుడు ఆ చెయ్యి విదిలించిన దానికి అది తన జవాబట. కూతురికి ఇండియా వెళ్ళే వీలు లేదు. వీసా కాగితాలు నడుస్తున్నాయి, దేశం దాటితే తిరిగి రానిస్తారో లేదో తెలియదు. తల్లికి సోమవారం సాయంత్రం ఫ్లైట్. కాబట్టి ఆ ఆదివారమే జరగాలి. అంతకుముందు పాస్టర్‌గారు ఊళ్ళో లేకపోవడం, చర్చి వాళ్ళ బాప్తిస్మపు తొట్టి మరమ్మతులో ఉండడం వల్ల వెనక్కి జరుగుతూ వచ్చి, ఆ చివరి ఆదివారం మిగిలింది.

మూడు నెలలపాటు శనివారాలు వాళ్ళ అపార్ట్‌మెంట్ వంటింటి బల్ల దగ్గర ఆవిడకి పాఠాలు చెప్పింది నేనే. చివరి శనివారం ప్రకటనల కాగితం ఆవిడ చేతికిచ్చి, "రేపు టైముకి రావాలమ్మా. ఇది ప్రభువుతో అపాయింట్‌మెంట్" అన్నాను. బాప్తిస్మం తీసుకునేవాళ్ళందరికీ అదే మాట చెబుతాను గనక అన్నాను.

ఆదివారం గాలి తిరిగింది. ముందురోజు స్వెటర్ లేకుండా తిరిగాం, ఆ రోజు చెవులు కోసేసే చలి. నేను ఉదయం నుంచి ఉపవాసం. ఫోన్ ఆపేసి గదిలో మోకాళ్ళ మీద ఉన్నాను. ఆవిడ గురించే ప్రార్థించాను. ఇది గుర్తొచ్చినప్పుడల్లా నా మీద నాకే ఏవగింపు పుడుతుంది. నేను వెచ్చటి గదిలో ఆవిడ కోసం ప్రార్థిస్తున్న ఆ గంటలోనే ఆవిడ తలుపు బయట నిలబడి ఉంది.

నా లెక్క నాకు తెలుసు. కొత్త టైము ఒకటిన్నర అంటే నా గోడ గడియారంలో పన్నెండున్నర. ఉదయం దాన్ని రెండుసార్లు పైకే చెప్పుకున్నాను. కాని ప్రార్థన ముగించి వంటింట్లోకి వచ్చేసరికి గడియారం పన్నెండు ముప్పావు చూపిస్తోంది. ప్రతి ఆదివారం నేను ఇంట్లోంచి బయలుదేరేది ఒంటిగంటకి. ఇరవై ఏళ్ళుగా ఆ గడియారం చూసి ఆ టైముకే చొక్కా తొడుక్కుంటున్నాను. ఆ రోజు కూడా అలాగే నింపాదిగా తొడుక్కున్నాను. ఇంకా పావుగంట ఉందని బూట్లు తుడుచుకున్నాను.

పార్కింగ్ లాట్‌లో తిరిగేసరికి పదిహేను కార్లున్నాయి. ఆ కార్లు చూశాకగాని నాకు లెక్క గుర్తు రాలేదు. బయట లోకానికి అప్పుడు రెండున్నర.

జరిగింది ఇది. అన్ని వారాలూ కూతురు బయలుదేరినప్పుడే వచ్చిన ఆవిడ, ఆ రోజు మాత్రం కాగితం ప్రకారం ఒంటిగంటకి పోవాల్సిందేనని పట్టుబట్టింది. కూతురు, "అమ్మా, అది ఊరికే రాస్తారు, రెండుకి వెళ్దాం" అంటే, "పెద్దమనిషి రాసిండు, ఊరికెందుకు రాస్తడు" అందట. కూతురికి భోజనాల కోసం ఆర్డరిచ్చిన బిర్యానీ ట్రేలు తేవాల్సిన పని ఉంది. ఒంటిగంటకి పావుగంట ముందు తల్లిని చర్చి దగ్గర దింపింది. లాట్‌లో ఒక కారు కనపడితే నాదే అనుకుంది. అది అమెరికన్ చర్చిలో ఎవరిదో, అయిదు నిమిషాల్లో వెళ్ళిపోయింది. తల్లి దగ్గర ఫోన్ లేదు. తెల్ల చీర, పైన పల్చటి స్వెటర్, చేతిలో మార్చుకునే బట్టల సంచి. రెండు దాటాక మొదటి కారు వచ్చే దాకా ఆవిడ ఆ తలుపు ముందు ఒక్కతే నిలబడింది. మా సంఘంలో నలభై కుటుంబాలున్నాయి. ఒంటిగంటకి అచ్చువేసిన ఆరాధనకి ఒంటిగంటకి వచ్చింది ఆవిడొక్కతే.

నేను వెళ్ళేసరికి ఎవరి కారులోనో హీటర్ వేసి కూర్చోబెట్టారు. నర్సు సిస్టర్ ఆవిడ మణికట్టు పట్టుకుని ఉంది. కారు తలుపు తీసి వంగాను. ఆవిడ పెదవులు వణుకుతున్నాయి. నన్ను చూసి లేవబోయింది.

"నేనే తప్పు చదివిన్నా తమ్మీ?" అంది. "సదువు తక్కువ కదా నాకు. నేనే తప్పు చదివిన అనుకున్న."

నేను ఏదో గొణిగాను. ఏమన్నానో గుర్తులేదు, గుర్తుంచుకోదగ్గ మాట అయి ఉండదు.

వెనక కూతురు నిలబడి ఉంది. "అంకుల్, అమ్మ కాగితం నమ్మింది" అంది. అరవలేదు. "మేమెవ్వరం నమ్మం. నమ్మకూడదని మాకు తెలుసు. అమ్మకి మీరెవరూ చెప్పలేదు. నేను చెబితే, మీరు రాశారు గనక నిజమంది. గవర్నమెంట్ ఒక గంట మారిస్తే నెలరోజులు తిట్టారే, మీరు ప్రతి వారం మారుస్తున్నారు కదా. వాళ్ళు కనీసం అందరికీ చెప్పి మారుస్తారు."

తొట్టిలో నీళ్ళు పొద్దున్నే నింపి వెచ్చబెట్టి ఉంచారు అమెరికన్ చర్చి వాళ్ళు. పాస్టర్‌గారు నీళ్ళలో చెయ్యి ముంచి చూసి, నర్సు సిస్టర్ వైపు చూశాడు. బీపీ ఎక్కువగా ఉందని, వణుకు తగ్గలేదని, రేపు అంత దూరం విమానంలో కూర్చోవాల్సిన మనిషిని ఇవాళ తడపడానికి తను ఒప్పుకోనని సిస్టర్ ఖచ్చితంగా చెప్పింది. పాస్టర్‌గారు తల ఊపాడు. తొట్టి అలాగే ఉంది, దాని చుట్టూ కట్టిన తెల్ల పువ్వులు అలాగే ఉన్నాయి. ఆవిణ్ణి పసిపిల్లల గదిలో పడుకోబెట్టి నాలుగు కోట్లు కప్పారు.

తర్వాత మా వాళ్ళు భోజనాలు చేశారు. తెచ్చిన బిర్యానీ పాడవకూడదు కదా. ప్లేట్లు పట్టుకుని నిలబడి, మళ్ళీ అదే వాదన. ఇలాంటివి జరక్కుండా ఉండాలంటే సమ్మర్ టైమ్ శాశ్వతం చేయాలని ఒకరు, కాదు స్టాండర్డ్ అని ఒకరు, అరిజోనాలో అసలు మార్చరు, అక్కడికి పోయి ఇళ్ళు కొనుక్కోవాలని ఒకరు. పక్క గదిలో ఒక ముసలావిడ కోట్ల కింద వణుకుతుంటే ఇక్కడ ఎవరి సాయంత్రం ఎంత పొడుగుండాలో కొలుచుకుంటున్నారు. ఎముకలు ప్లేటు అంచున పేరుస్తూ, రైతా అడుగుతూ. ఉపవాసం విడవలేదు, విడవాలనిపించలేదు.

"బ్రదర్" అని పిలిచారెవరో ప్లేటు ఎత్తి. "దేవుని టైము ఇప్పుడెంతయింది?"

నవ్వారు. నవ్వడానికి వాళ్ళకి హక్కుంది. వాళ్ళ మీద నాకు కలిగిన రోతకి మాత్రం నాకు హక్కు లేదని, కుర్చీలు మడతపెడుతున్నప్పుడు అర్థమైంది. వాళ్ళు కాగితాన్ని నమ్మకుండా ఉండేలా వాళ్ళకి నేర్పిందెవరు? వారం వారం, తెలుగులో, పైన ఒక బైబిలు వాక్యం అచ్చువేసి, దాని కిందే అబద్ధం అచ్చువేసి పంచాను. అవును అంటే అవునుగా, కాదు అంటే కాదుగా మాట్లాడమన్న బోధని ఆ కాగితం మీదే ఎన్నిసార్లు పెట్టానో. పైదాన్ని నమ్మమని, కిందిదాన్ని నమ్మవద్దని ఎలా చెప్పను?

తర్వాతి వారం నుంచి కాగితం మీద రెండు అనే రాస్తున్నాను. మిగతా ఇద్దరు పెద్దలు ఒప్పుకోలేదు. "మూడుకొస్తారు, మళ్ళీ మొదటికొస్తుంది" అన్నారు. రానీండి అన్నాను. మూడుకే వస్తున్నారు. రెండింటికి పది మందిమి పాటలు మొదలుపెడుతున్నాం. ఎవరూ మారలేదు, మారతారని ఇప్పుడు నాకు ఆశ కూడా లేదు. నేను రాసినది చదివి ఎవరైనా ఆ టైముకి వస్తే తలుపు తీసి ఉంటుంది, అంతే.

ఆ ఆదివారం సాయంత్రం కూతురికి మూడుసార్లు ఫోన్ చేశాను. తీయలేదు. కిటికీలోంచి చూస్తే ఏడు దాటినా వెలుతురుంది. పక్క వీధిలో పిల్లలు బంతాట ఆడుతున్నారు. ఆ వెలుతురు చూస్తే ఎప్పుడూ లేనంత అసహ్యమేసింది. అది వెలుతురు తప్పు కాదు.

సోమవారం పొద్దున్న డేటా సెంటర్ బయట, నా బ్యాడ్జి మెడలో వేసుకుంటుంటే పాస్టర్‌గారు ఫోన్ చేశాడు. ఎనిమిదింబావు.

"అయిపోయింది బ్రదర్" అన్నాడు.

"ఏమయింది?" ఆవిడకేదో అయిందనుకున్నాను.

"బాప్తిస్మం అయిపోయింది. ఆవిడకి రాత్రికి తగ్గింది. పొద్దున సిస్టర్ బీపీ చూసి సరేనంది. వాళ్ళ అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ఇండోర్ పూల్ ఉంది కదా, ఏడింటికి తెరుస్తారు. ఇంకా సరిగా తెల్లవారలేదు. ఒక అమెరికన్ ముసలాయన ఈదుతున్నాడు. స్విమ్‌సూట్ లేకుండా దిగకూడదని గోడ మీద రూల్సు. ఈవిడేమో తెల్ల చీరతో. కుర్చీలో కూర్చున్న ఆఫీసమ్మాయి లేచి వచ్చింది. ఏమంటుందోనని నేను భయపడ్డాను. ఆ ముసలాయన నీళ్ళలోంచే ఆమెతో ఏదో చెప్పి, తనొక మూలకెళ్ళి టోపీ తీసి నిలబడ్డాడు. ఆమె మళ్ళీ వెళ్ళి కూర్చుంది. పది నిమిషాలు పట్టలేదు."

"కూతురు?"

"చెయ్యి వదల్లేదు. ఇద్దరూ కలిసే మునిగారు."

నాకు మొదట కలిగింది సంతోషమని రాయగలిగితే బాగుండేది. మొదట కలిగింది ఉక్రోషం. మూడు నెలలు పాఠం చెప్పింది నేను. "ఎవరెవరున్నారు?" అన్నాను.

"వాళ్ళిద్దరూ, సిస్టర్, నేను."

"నాకు చెప్పలేదేం?"

"టైము ఎవరికీ చెప్పొద్దని అమ్మాయి అంది బ్రదర్. ముఖ్యంగా మీకు."

లోపలికి వెళ్ళేవాళ్ళు నన్ను తప్పుకుని వెళ్తున్నారు. నేను గోడకి ఆనుకున్నాను. ఫోన్‌లో కప్పుల చప్పుడు, ఎవరో ఏదో అనడం వినపడింది. పాస్టర్‌గారు ఇంకా వాళ్ళింట్లోనే ఉన్నట్టున్నాడు. ఫోన్ చేతులు మారింది.

"తమ్మీ" అంది ఆవిడ. గొంతు బొంగురుపోయింది, అయినా హుషారుగా ఉంది. "అయిపోయింది. నీళ్ళు గోరువెచ్చగున్నయి. నా బిడ్డ చెయ్యి పట్టుకున్నది."

"దేవునికి స్తోత్రం అమ్మా" అన్నాను. "నన్ను క్షమించండి. మీరు తప్పు చదవలేదు. నేనే తప్పు రాశాను."

"మా బిడ్డ చెప్పింది. నిన్ను గూడ పిలువుమన్న తమ్మీ. అది వద్దన్నది. దానికింక కోపం పోలే."

"పోనక్కర్లేదమ్మా."

"పోదులే. నేను ప్లేన్ ఎక్కేదాక అయితే పోదు."

ఎయిర్‌పోర్టుకైనా వచ్చి ఒక్క ప్రార్థన చేసి పంపాలనిపించింది. ఫ్లైట్ సాయంత్రమని తెలుసు, ఏ టైముకో తెలియదు. "ఎన్నింటికమ్మా బయలుదేరేది?" అని అడిగాను.

ఆవిడ పక్కకి తిరిగి కూతుర్ని అడగడం వినపడింది. తర్వాత కూతురి గొంతు, తగ్గించి, కాని నాకు వినపడేలా: "చెప్పకు అమ్మా."

ఆవిడ ఫోన్‌లోకి చిన్నగా నవ్వింది. "చెప్పద్దంటున్నది తమ్మీ."

నేను మళ్ళీ అడగలేదు.